నిండా నింపి మూత బిగించిన ట్యూబు: టర్కీ పుంజుల షెడ్డులో నా మొదటి సీజన్

టర్కీ పక్షుల ఫారంలో పని చేస్తున్నానని చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే, పుంజులు ఉన్నాయి, పెట్టలు ఉన్నాయి, రెండింటినీ ఒకే షెడ్డులో వదిలేస్తే సరిపోదా, మధ్యలో మనుషులెందుకు అని. మొదటి రోజు నేనూ అదే అడిగాను. పుంజుల షెడ్డులో అందరికన్నా పాత మనిషిని అందరూ అన్న అనే పిలుస్తారు. ఆయన జవాబు చెప్పకుండా, ముందు ఆ పుంజును ఎత్తి ఇలా తీసుకురా అన్నాడు. రెక్క మొదలు దగ్గర ఒక చెయ్యి, కాళ్ళ దగ్గర ఒక చెయ్యి వేసి ఎత్తబోయాను, నడుం పట్టేసింది గానీ పుంజు నేల మీంచి కదల్లేదు. బాగా ఎదిగిన బ్రీడర్ పుంజు, అంటే పిల్లల్ని పుట్టించడానికి పెంచేది, 30 కిలోల దాకా తూగుతుంది. పెట్ట అందులో మూడో వంతు ఉంటుందంతే. "ఇది దాని మీదికి ఎక్కితే ఏమవుతుందో నువ్వే చెప్పు" అన్నాడు అన్న.

ఆ బరువులో పెద్ద భాగం రొమ్ము కండ. మాంసం కోసం తరాల తరబడి రొమ్ము వెడల్పుగా ఉన్న పక్షుల్నే ఏరుకుంటూ వచ్చారు కాబట్టి, ఇప్పుడున్న తెల్ల ఈకల వాణిజ్య టర్కీ పుంజు పెట్ట మీద నిలదొక్కుకోలేదు, ఎక్కినా జత కుదరదు, పైగా దాని గోళ్ళకు పెట్ట వీపు చీరుకుపోతుంది. వెనకటి రోజుల్లో పెట్టల వీపుకు మందపాటి గుడ్డతో జీను లాంటిది కుట్టి కట్టేవారట. పుంజులు ఇంకా బరువెక్కాక అదీ ఆగలేదు. అందుకే ఇవాళ పెద్ద ఎత్తున పెంచే టర్కీల్లో దాదాపు ప్రతి పక్షీ కృత్రిమ గర్భధారణ వల్ల పుట్టినదే. మేం మామూలుగా ఏఐ అంటాం. పుంజు పొత్తికడుపు నిమిరి వీర్యం తీసే పద్ధతిని 1930లలో అమెరికాలో బర్రోస్, క్విన్ అనే ఇద్దరు కుదిర్చారు, ఇప్పటికీ మేం చేతులతో చేసేది మూలంలో అదే.

నేను అంతకుముందు మూడేళ్ళు కోళ్ళ బ్రీడర్ ఫారంలో చేశాను. కోళ్ళలో ఏఐ నాకు బాగానే వచ్చు. కాబట్టి టర్కీ అంటే పెద్ద సైజు కోడి, పని అదే, బరువు ఎక్కువ అంతే అనుకుని చేరాను. ఆ అనుకోవడం వల్ల ఒక బ్యాచ్ మొత్తానికి ఏం జరిగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను, ఎందుకంటే కోళ్ళ నుంచి టర్కీలకు మారేవాళ్ళు నాలాగే చాలామంది ఉంటారు.

ముందు పుంజుల సంగతి. వాటిని పెట్టల కంట పడకుండా వేరే షెడ్డులో పెంచుతారు, మేత కూడా వేరు. కడుపు నిండా పెడితే ఆ జాతి ఆగకుండా బరువు పెరుగుతూనే ఉంటుంది, కాళ్ళు దెబ్బతింటాయి, వీర్యం తగ్గిపోతుంది, అందుకని మేతలో మాంసకృత్తులు తగ్గించి, తూకం వేస్తూ, కొలిచి పెడతారు. మరీ కడుపు మాడ్చినా వీర్యం ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్య నడవడమే పుంజుల షెడ్డులో సగం పని. వెలుతురు ఇంకో సంగతి. పెట్టలకు ముందు కొన్ని వారాలు పగటిని కుదించి, 29, 30 వారాల వయసులో ఒక్కసారిగా రోజుకు 14 గంటలు, అంతకంటే ఎక్కువ వెలుతురు ఇస్తారు, ఆ తర్వాత రెండు మూడు వారాల్లో గుడ్లు మొదలవుతాయి. పుంజులు అప్పటికే సిద్ధంగా ఉండాలి కాబట్టి వాటికి కొన్ని వారాల ముందే లైట్లు పెంచుతారు, అయితే పెట్టల షెడ్డంత కాంతి ఇవ్వరు. వెలుతురు మరీ ఎక్కువైతే పుంజులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, ముక్కు మీద వేలాడే ఆ కండను పట్టుకుని లాగేసుకుంటాయి. షెడ్డులో అడుగుపెట్టగానే కళ్ళకు మసక అలవాటయ్యే లోపు వందల పుంజులు ఒకేసారి గళగళమంటూ అరుస్తాయి. మొదటి వారం నాకు ఆ శబ్దం రాత్రి నిద్రలో కూడా వినిపించేది.

వీర్యం తీయడం నేర్చుకోవడానికి దాదాపు నెల పట్టింది. ఇద్దరు మనుషుల పని. ఒకరు పుంజును మెత్త వేసిన బల్ల మీద రొమ్ము ఆనేలా పెట్టి, కాళ్ళు రెండూ కిందికి పట్టుకుని కూర్చుంటారు. రెండో మనిషి ఒక అరచేత్తో పొత్తికడుపు కింద మెత్తగా నిమురుతూ, రెండో చేత్తో తోకను పైకి నెట్టి, తోక మొదట్లో రెండు పక్కలా వేళ్ళతో రాస్తాడు. పుంజుకు ఇష్టమైతే రెండు మూడు నిమురులకే తోక దానంతట అదే లేస్తుంది, మలద్వారం తెరుచుకుని లోపలి గులాబీ రంగు మడతలు ఉబ్బి బయటికి వస్తాయి. ఆ క్షణంలో బొటనవేలు, చూపుడు వేలితో వాటి వెనక ఒక్క నొక్కు నొక్కితే పాలమీగడ లాంటి తెల్లటి చుక్క పొంగుతుంది. పక్కనే పట్టుకున్న సన్నటి ట్యూబులోకి దాన్ని పీల్చుకోవాలి. మొత్తం ఇంతే, పట్టుమని పది సెకన్లు కూడా పట్టదు.

కానీ ఆ ఒక్క నొక్కు ఎంత బలంగా, ఎంతసేపు అన్నదే చేతికి తెలియాలి. నేను మొదట్లో ఇంకొంచెం వస్తుందేమోనని రెండోసారి, మూడోసారి పిండేవాణ్ణి. అప్పుడు వచ్చేది వీర్యం కాదు, నీళ్ళలాంటి పల్చటి ద్రవం. అది కలిస్తే మంచి వీర్యం కూడా చెడుతుంది. ఇంకా గట్టిగా నొక్కితే రక్తం చార వస్తుంది, లేదంటే మలం, తెల్లసున్నం లాంటి మూత్రం వచ్చి ట్యూబులో పడతాయి. "వచ్చిందాంతో సరిపెట్టుకో నాయనా, పిండుకోవడానికి అది చెరుకు గడ కాదు" అని అన్న రోజూ చెప్పేవాడు. పుంజులు మనుషుల్ని గుర్తుపెట్టుకుంటాయి కూడా. నేను కంగారుగా పట్టుకున్న వరసలో పుంజులు మరుసటి విడతలో బిగుసుకుపోయేవి, అదే వరసకు అన్న వెళ్తే తోకలెత్తేవి. అందుకే ఒక వరసకు ఒకే జట్టు వెళ్ళాలని మా షెడ్డులో నియమం, ఈ నియమం ఎంత విలువైనదో పని చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంకో విషయం రంగు. మంచి వీర్యం తెల్లగా, చిక్కగా ఉంటుంది. కొన్ని పుంజులకు పసుపు రంగులో వస్తుంది, మలం కలవడం వల్ల కాదు, ఆ పుంజు వీర్యమే అంత. అందులో ప్రొటీన్ ఎక్కువ ఉంటుంది, పాడైన వీర్యకణాలు, వాటిని మింగే కణాలు ఉంటాయి, పెట్టలకు వేస్తే ఫలదీకరణ పడిపోతుంది. ఒక్క పుంజుది వేరుగా వాడితే తెలిసిపోతుంది గానీ మేం పది పన్నెండు పుంజుల వీర్యం ఒకే ట్యూబులో కలుపుతాం, ఒక్క పసుపు చుక్క పడితే పదకొండు మంచి పుంజుల కష్టం కూడా దాంతోపాటు పోతుంది. మసక వెలుతురులో పసుపుకీ మీగడ రంగుకీ తేడా పట్టడం కష్టం. అన్న తలకు చిన్న లైటు కట్టుకుని, ప్రతి చుక్కనీ పీల్చబోయే ముందు ఒక్క క్షణం చూసేవాడు. పసుపు కనబడితే పుంజు కాలికి రంగు బ్యాండు వేసి వదిలేసేవాడు, రెండు మూడు విడతలు అలాగే వస్తే దాన్ని షెడ్డులోంచి తీసేసేవాళ్ళం.

లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే ఈ లెక్క తెలిశాకే పుంజు విలువ నాకు అర్థమైంది. ఒక పుంజుకు ఒకసారికి వచ్చేది మిల్లీలీటరులో మూడో వంతు, అటూ ఇటూ. కానీ అందులో ఒక్కో మిల్లీలీటరుకు 700 నుంచి 1000 కోట్ల వీర్యకణాలు ఉంటాయి, కోడి పుంజు కన్నా బాగా చిక్కన. ఒక పెట్టకు ఒక విడతకు 20 కోట్ల కణాలు వేస్తామనుకుంటే ఒక పుంజు పదకొండు నుంచి పదహారు పెట్టలకు సరిపోతుంది. అంత చిక్కటిదాన్ని నేరుగా పంచలేం కాబట్టి ఎక్స్‌టెండర్ అనే ద్రావణంతో పల్చన చేసి, సన్నటి ప్లాస్టిక్ స్ట్రాలలో నింపుతాం. ఒక స్ట్రా ఒక పెట్టకు. ఎంత పల్చన చెయ్యాలన్నది వీర్యం చిక్కదనం కొలిచే నిర్ణయించాలి, కంటి అంచనాతో చేస్తే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పడుతుంది.

ఇక అసలు సంగతి.

నేను చేరిన ఆరో వారంలో కొత్త పెట్టల బ్యాచ్‌కు మొదటి విడత ఏఐ వచ్చింది. పుంజుల షెడ్డు నుంచి పెట్టల షెడ్డుకు వీర్యం తీసుకెళ్ళే బాధ్యత నాకిచ్చారు. నాకు చాలా గర్వంగా అనిపించింది. కోళ్ళ దగ్గర నేను నేర్చుకున్న జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. దుమ్ము పడకూడదు, ఆరిపోకూడదు, ఒలకకూడదు, కాబట్టి ట్యూబులు అంచుదాకా నిండా పోసి, లోపల గాలి బుడగ కూడా లేకుండా మూత బిగించి, నిటారుగా డబ్బాలో సర్ది తీసుకెళ్ళాను. ఆ రోజు పెట్టల్ని పట్టే జట్టు ఆలస్యంగా వచ్చింది. గంటన్నర పైనే ట్యూబులు అలాగే ఉన్నాయి. నేను వాటిని నీడలో, కదలకుండా, పసిపిల్లను కాచినట్టు కాచాను. మూడు నాలుగు రోజులకు రెండో విడత, మళ్ళీ అదే పద్ధతి. మూడోది కూడా అంతే.

టర్కీ పెట్టలకు మొదటి విడతలు గుడ్లు మొదలవ్వక ముందే వెయ్యాలి. లైట్లు పెంచిన రెండు వారాలకు పెట్టలు మనిషి దగ్గరికి రాగానే నేలకు ఆని కూర్చుంటాయి, అదే గుర్తు. అప్పుడెందుకంటే పెట్ట కడుపులో, యోని, గుడ్డుకు పెంకు పట్టే సంచీ కలిసే చోట ముడతల్లో వేలకొద్దీ సన్నటి గొట్టాలుంటాయి. వీర్యకణాలు వాటిల్లోకి చేరి దాక్కుని, రోజుకు కొన్ని చొప్పున బయటికి వచ్చి పైకి వెళ్ళి గుడ్డును కలుస్తాయి. మనం వేసిన వాటిలో వందో వంతు కూడా అక్కడికి చేరవు, బాగా ఈదగలిగినవే చేరతాయి. చేరినవి కోడిలో రెండు మూడు వారాలుంటే, టర్కీలో ఏడెనిమిది వారాలు, ఒక్కోసారి పది వారాల దాకా బతుకుతాయి. గుడ్లు మొదలవ్వక ముందు ఆ గొట్టాలు బాగా నిండితే ఆ సీజనంతా దాని మీదే నడుస్తుంది, తర్వాత వారం వారం వేసేది ఖర్చైనదాన్ని పూడ్చడానికే. మొదట్లో అవి సరిగ్గా నిండకపోతే తర్వాత ఎంత వేసినా ఆ లోటు పూర్తిగా తీరదు. నేను పాడు చేసింది ఆ మొదటి మూడు విడతల్ని.

పైగా ఆ సంగతి ఆ రోజు తెలీదు, ఆ వారమూ తెలీదు. గుడ్లు మొదలవ్వాలి, వాటిని కొన్ని రోజులు చల్లటి గదిలో పోగుచెయ్యాలి, ఇంక్యుబేటర్లో పెట్టాలి, పదో రోజున లైటు మీద పెట్టి చూడాలి. 28 రోజుల పొదుగులో అప్పుడే మొదటిసారి లోపల ఏముందో కంటికి కనబడేది. అంటే నేను ట్యూబుకు మూత పెట్టిన రోజుకీ, దాని ఫలితం చూసిన రోజుకీ మధ్య దాదాపు నెల. ఆ నెలంతా నేను అదే తప్పు చేస్తూ, బాగా చేస్తున్నాననే నమ్మకంతో ఉన్నాను.

క్యాండ్లింగ్ రోజు హ్యాచరీకి నన్ను కూడా రమ్మన్నారు. చీకటి గదిలో ట్రే కింద లైటు వేస్తారు. పిండం ఉన్న గుడ్డు ఎర్రగా, నరాలు పాకి, మధ్యలో నల్లటి మచ్చతో కనబడుతుంది. లేని గుడ్డు దీపంలా ఖాళీగా వెలుగుతుంది, దాన్నే క్లియర్ అంటారు. బాగా నడిచే బ్యాచ్‌లో మొదటి వారాల్లో వందకు 95 పైనే ఫలదీకరణ ఉంటుంది, ట్రేలో అక్కడక్కడా ఒకటీ అరా మాత్రమే వెలగాలి. మొదటి ట్రే కింద లైటు వేయగానే గది ఒక్కసారిగా వెలుతురైపోయింది. పది గుడ్లకు మూడు క్లియర్. రెండో ట్రే కూడా అంతే. ఎవరూ మాట్లాడలేదు. నాకు ఒళ్ళు చల్లబడింది, అప్పటికి తప్పు నాది అని తెలియకపోయినా.

ఇలాంటప్పుడు అందరి వేలూ ముందు పుంజుల మీదికే వెళ్తుంది. పుంజులు పనికిరావు, మార్చేద్దాం అన్నారు. ఇంకొందరు పెట్టల జట్టు సరిగ్గా వెయ్యలేదన్నారు. ఆ జట్టును నడిపే అక్క పదిహేనేళ్ళుగా అదే పని చేస్తోంది, ఆవిడ మొహం చూస్తే నాకు బాధేసింది. పెట్టను పట్టుకుని, కడుపు ఎడమ పక్క నొక్కితే గుడ్డు దారి మొన బయటికి తిరుగుతుంది, ఆ రంధ్రంలోకి స్ట్రా రెండు అంగుళాల లోపే పెట్టి, వీర్యం వదిలే క్షణంలోనే నొక్కిన చెయ్యి సడలించాలి. సడలించకపోతే వేసింది వేసినట్టే బయటికి వచ్చేస్తుంది. అక్క ఆ రెండూ ఒకే ఊపిరిలో చేస్తుంది. కడుపులో పెంకుతో గుడ్డు ఉన్న పెట్ట వేలికి తగిలితే దాన్ని పక్కన పెట్టి తర్వాత వేస్తుంది, ఎందుకంటే గుడ్డు అడ్డం ఉంటే వేసిందాంట్లో చాలా భాగం వృథా. మధ్యాహ్నం గుడ్లు పెట్టడం అయిపోయాకే ఏఐ మొదలుపెట్టేది కూడా అందుకే. గంటకు వందల పెట్టల్ని చూస్తూ కూడా ఆవిడ ఒక్కదాన్నీ విసురుగా పట్టుకోవడం నేను చూడలేదు. బెదిరిన పెట్ట లోపలికి బిగబట్టుకుంటుంది, బలవంతంగా తిప్పితే గాయమవుతుంది. ప్రతి పెట్టకీ స్ట్రా మార్చాల్సిందే, ఒక్కటి మిగుల్చుకుందామని రెండింటికి వాడితే మైకోప్లాస్మా లాంటి రోగం షెడ్డంతా పాకుతుంది. టర్కీల్లో మైకోప్లాస్మా మెలియాగ్రిడిస్ అనేది వీర్యం ద్వారానే పెట్టలకు, వాటి నుంచి గుడ్డుకు, పిల్లలకు చేరుతుంది.

రెండు రోజుల తర్వాత డాక్టర్ గారు వచ్చారు. ఆయన పుంజుల్నీ, మనుషుల్నీ ఎవరినీ ఏమీ అనలేదు. ముందు క్లియర్ గుడ్లు కొన్ని పగలగొట్టి చూశారు. లైటు మీద ఖాళీగా కనబడిందల్లా ఫలదీకరణ లేనిదే అని చెప్పలేం, బాగా ముందే చచ్చిపోయిన పిండమూ అలాగే కనబడుతుంది. టర్కీల్లో ఇంకో చిక్కుంది, పుంజు ప్రమేయమే లేకుండా కొన్ని గుడ్లలో కణాలు విడిపోవడం మొదలవుతుంది. 1950లలో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో ఓల్సెన్ అనే శాస్త్రవేత్త దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు, అలా పుట్టి బతికిన కొద్ది పిల్లలూ మగవేనట. అందుకని డాక్టర్ గారు తాజా గుడ్ల సొన మీది సన్నటి పొరను కత్తిరించి, కడిగి, మైక్రోస్కోప్ కింద పెట్టారు. వీర్యకణాలు సొనలోకి దూరిన చోట ఆ పొరలో గుండ్రటి చిన్న కన్నాలు పడతాయి. ఎక్కువ కన్నాలుంటే చాలా కణాలు పైదాకా చేరినట్టు. మా గుడ్లలో చాలా పొరలకు అసలు కన్నాలే లేవు, ఉన్నవాటిలోనూ ఒకటీ రెండూ. అంటే పిండాలు చావడం కాదు, వీర్యకణాలే అందలేదు.

తర్వాత పుంజుల షెడ్డుకు వచ్చి అక్కడికక్కడే తీసిన వీర్యం చూశారు. నన్ను కూడా చూడమన్నారు. మైక్రోస్కోప్ కింద అలలు అలలుగా సుడులు తిరుగుతోంది, ఉడుకుతున్న అంబలిలాగా. పుంజులు బాగానే ఉన్నాయి. అప్పుడు ఆయన చాలా మామూలుగా అడిగారు, "దీన్ని అక్కడిదాకా ఎలా తీసుకెళ్తారు?"

నేను చూపించాను. నిండా పోశాను, బుడగ లేకుండా మూత బిగించాను. ఆయన ఏమీ అనకుండా అదే వీర్యంలో ఇంకొంచెం తీసుకుని, వెడల్పాటి చిన్న సీసాలో అడుగున పల్చగా పరుచుకునేలా పోసి, మూత వదులుగా పెట్టి, మధ్యమధ్యలో మెల్లగా ఊపుతూ ఉండమని నాకే ఇచ్చారు. గంటన్నర ఆగాం. రెండింట్లోంచీ ఒక్కో చుక్క తీసి పక్కపక్కన స్లైడ్ల మీద పెట్టారు. నేను ఊపిన సీసాలోది ఇంకా సుడి తిరుగుతోంది, మొదటంత కాకపోయినా. ట్యూబులోది చూసేసరికి నేను మైక్రోస్కోప్ గురి (ఫోకస్) కుదరలేదేమో అనుకుని దాని మరను తిప్పాను. గురి కుదిరే ఉంది. సన్నటి పొడవాటి గీతల్లాంటి కణాలు స్పష్టంగా కనబడుతున్నాయి, ఒకదాని మీద ఒకటి పడి, కదలకుండా. అక్కడక్కడా ఒక తోక ఊగుతోంది.

ఆయన వివరించింది ఇది. కోడి పుంజు వీర్యకణం గాలి తగ్గితే చక్కెరను ఆక్సిజన్ లేకుండానే కరిగించుకుని కొంతసేపు శక్తి తెచ్చుకోగలదు. టర్కీ కణానికి ఆ సత్తా చాలా తక్కువ, అది దాదాపు పూర్తిగా ఆక్సిజన్ మీదే బతుకుతుంది. పైగా కోడి వీర్యం కన్నా చిక్కన, ఒక్క చుక్కలో కోట్ల కణాలు ఉన్న కాస్త ఆక్సిజన్ కోసం పోటీ పడతాయి. నిండా నింపి, మూత బిగించి, కదలకుండా పెడితే కొద్ది నిమిషాల్లోనే లోపల ఉన్నదంతా వాడేసుకుంటాయి, ఆ తర్వాత ఊపిరాడదు. అదే ఎక్స్‌టెండర్‌తో పల్చన చేసి, 5 నుంచి 8 డిగ్రీల చలిలో, గాలి తగిలేలా ఊపుతూ ఉంచితే కొన్ని గంటలు నిలబడతాయి. గడ్డకట్టించి నిల్వ చెయ్యడం పశువుల్లో అంత మామూలైపోయినా టర్కీల్లో వాణిజ్యపరంగా పనికొచ్చేంత ఫలితం ఇవ్వదు, అందుకే ప్రతి విడతా తాజాగా తియ్యాల్సిందే. నేను దుమ్ము పడకుండా, ఆరిపోకుండా అంత శ్రద్ధగా కాపాడినవాటికి గాలి లేకుండా చేశాను.

ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. చెప్పకపోయినా డాక్టర్ గారి నోట వచ్చేదే, కానీ నేనే చెప్పాలనిపించింది. ఆవిడ చేతుల్లోని స్ట్రాల కట్ట కింద పెట్టి, "మా జట్టు గంటన్నర ఆలస్యం చేసింది కదా తమ్ముడూ, అందులో సగం మాది" అంది. ఆ మాట ఆవిడ అనాల్సిన పని లేదు. ఇద్దరం కూర్చుని ఒకటి అనుకున్నాం, పెట్టల జట్టు షెడ్డులోకి వచ్చి, ముందు పెట్టలు పట్టడానికి సిద్ధమయ్యాకే నాకు ఫోన్ చెయ్యాలి, అప్పుడే మేం మొదటి పుంజును బల్ల మీద పెట్టాలి. తీసిన వీర్యం అరగంటలో, ఎక్కువలో ఎక్కువ గంటలో పెట్టల్లోకి వెళ్ళిపోవాలి. ఒకేసారి మొత్తం తీసి పెట్టుకోవడం మానేసి, కొద్దికొద్దిగా తీసి పంపడం మొదలుపెట్టాం. దానికి పుంజుల షెడ్డులో మనుషులు ఎక్కువసేపు ఉండాల్సి వస్తుంది, కొందరు గొణిగారు, అన్న మాత్రం ఒక్క మాట అనలేదు.

ఆ బ్యాచ్‌కు విడతలు దగ్గర చేసి, వారంలో రెండేసిసార్లు వేశాం. ఫలదీకరణ పెరిగింది, మూడో వారం క్యాండ్లింగ్‌కు ట్రేలు ఎర్రబడ్డాయి, కానీ ఆ బ్యాచ్ ఎప్పుడూ 90 దాటి నిలబడలేదు, సీజన్ చివర్లో మిగతా బ్యాచ్‌ల కన్నా ముందే పడిపోయింది. గుడ్లు పెడుతున్న పెట్టలో ఆ గొట్టాలు మొదట్లో నిండినంత బాగా నిండవని నేను కళ్ళారా చూసింది అక్కడే. చివరి వారాల్లో పుంజులకూ వయసు వస్తుంది, ఎండలు ముదిరితే వీర్యం పలచబడుతుంది, అప్పుడు విడతల మధ్య రోజులు తగ్గించుకుంటూ పోవాలి. ఇవన్నీ ప్రతి బ్యాచ్‌కూ ఉండేవే. మాకు మాత్రం మొదటి లోటు వాటన్నిటికీ తోడైంది.

తర్వాత నేను మేనేజర్ని అడిగి పాత మైక్రోస్కోప్ ఒకటి పుంజుల షెడ్డు పక్క గదిలో పెట్టించుకున్నాను. రోజూ రెండుసార్లు చూస్తాను, ఒకటి తీసినప్పుడు, రెండోది పెట్టల షెడ్డుకు వెళ్ళిన ట్యూబుల్లో మిగిలిన ఆఖరి చుక్క. మొదటిది అందరూ చూస్తారు. రెండోది చూసేవాళ్ళు తక్కువ, నిజానికి పెట్టలోకి వెళ్ళింది అదే కదా. ఒకరోజు రెండో చుక్క మందగించినట్టు కనబడితే ఆరా తీశాను, స్ట్రాలు నింపే అబ్బాయి ట్యూబుల్ని మంచు గడ్డల మీదే నేరుగా పెట్టాడు. అదే రోజు సరిచేసుకున్నాం, నెల ఆగాల్సిన అవసరం రాలేదు.

ఎవరైనా కొత్తగా చేరితే వాళ్ళకు నేను ముందు ట్యూబుల సంగతి చెప్పను. అన్న నాతో చేయించినట్టే పుంజును ఎత్తమంటాను, తర్వాత ఆ రెండు స్లైడ్లూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను, ఒకటి నిండా నింపిన ట్యూబులోది, ఒకటి పల్చగా పరిచి ఊపిన సీసాలోది. కోళ్ళ దగ్గర్నుంచి వచ్చినవాళ్ళయితే తప్పకుండా చూపిస్తాను. వాళ్ళూ నాలాగే మరను తిప్పుతారు, గురి కుదరలేదేమో అనుకుని.

ఆ తర్వాతి బ్యాచ్ మొదటి క్యాండ్లింగ్‌కు అక్క కూడా హ్యాచరీకి వచ్చింది. సాధారణంగా ఆవిడ రాదు. ట్రే కింద లైటు వేశారు. గది చీకటిగానే ఉంది, గుడ్లన్నీ ఎర్రగా, మూలన ఒక్కటి మాత్రం వెలుగుతోంది. అక్క దాన్ని వేలితో తీసి పక్కన పెట్టి, ఇంకో ట్రే పెట్టమంది.